క్యాంపస్‌లో మాట ఎప్పుడు వేధింపు అవుతుంది?

1988లో మిషిగన్ విశ్వవిద్యాలయం ఒక నిబంధన పెట్టింది. జాతి, మతం, లింగం వంటి వాటిని బట్టి ఎవరినైనా కించపరిస్తే శిక్ష. వినడానికి బాగానే ఉంది. అక్కడే బయోసైకాలజీ చదువుతున్న ఒక విద్యార్థికి మాత్రం బెంగ పట్టుకుంది. స్త్రీపురుషుల మధ్య జీవశాస్త్రపరమైన తేడాల గురించిన సిద్ధాంతాలు క్లాసులో ఎత్తితే తన మీదే ఫిర్యాదు వస్తుందేమో! ‘జాన్ డో’ అనే మారుపేరుతో కోర్టుకెక్కాడు. ఏ మాటకు శిక్ష పడుతుందో తెలియనంత అస్పష్టంగా ఉందంటూ 1989లో ఫెడరల్ జడ్జి ఆ నిబంధన చెల్లదన్నారు.

ఇండియాలో కేసు పెట్టించగలిగే మాటలు కొన్ని ఇక్కడ అమెరికాలో చెల్లిపోవడం మనవాళ్లకు మింగుడు పడదు. కానీ వాక్‌స్వాతంత్ర్యాన్ని కాపాడే రాజ్యాంగపు మొదటి సవరణ ఉన్నంత కాలం, మాట రోతగా ఉందన్న ఒక్క కారణంతో ప్రభుత్వ విశ్వవిద్యాలయం ఎవరినీ శిక్షించడానికి వీల్లేదు. ప్రైవేటు వాటికి ఆ సవరణ వర్తించదు. అవి సాధారణంగా తమ హ్యాండ్‌బుక్ ప్రకారం నడుచుకుంటాయి. కాలిఫోర్నియా మాత్రం 1992లో లెనార్డ్ చట్టం తెచ్చి, మతసంస్థలవి మినహా ప్రైవేటు కాలేజీల విద్యార్థులకూ ఆ రక్షణ ఇచ్చింది.

మరి వేధింపు సంగతి? జార్జియాలో ఐదో తరగతి పాపను తోటి పిల్లాడు నెలల తరబడి ఏడిపించాడు. తల్లి మొత్తుకున్నా బడి కదల్లేదు. ఆ కేసులో 1999లో సుప్రీంకోర్టు, 5-4 తేడాతో, గీత గీసింది. వేధింపు తీవ్రంగా, పదేపదే సాగి, ఎవరు చూసినా తప్పనిపించేలా ఉండి, బాధితురాలికి చదువే దూరం చేసేలా ఉండాలి. సంస్థకు ఆ సంగతి తెలిసీ పట్టించుకోకపోతేనే అది బాధ్యత వహించాలి. ఇది చదువుల్లో లింగవివక్షను నిషేధించే టైటిల్ 9 చట్టం కింద వచ్చిన తీర్పు. జాతి, రంగు, పుట్టిన దేశం విషయంలో 1964 నాటి పౌరహక్కుల చట్టంలోని టైటిల్ 6కూ కోర్టులు ఇదే కొలత వాడుతున్నాయి. వీసా మీద చదివేవారికీ అది వర్తిస్తుంది.

కాబట్టి ఎవడో ఒకసారి మన యాసను వెక్కిరిస్తే చట్టం పట్టించుకోదు. అదే ల్యాబ్‌లో రోజూ వెక్కిరిస్తూ, “మీ దేశం పో” అని తలుపు మీద చీటీలు అంటిస్తూ, అమ్మాయి ల్యాబ్‌కు పోవడమే మానేసేదాకా తెస్తే పట్టించుకుంటుంది. నా మట్టుకు ఈ కొలత కాస్త కఠినమే, కానీ మిషిగన్ నిబంధన కంటే నయం.

చిక్కు మన దగ్గరే ఉంది. పిల్ల ఫోన్‌లో ఏడిస్తే “పోనీలే అమ్మా, చదువు మీద ధ్యాస పెట్టు” అంటాం. అలా అనకండి. తేదీలు, స్క్రీన్‌షాట్లు జతచేసి పౌరహక్కుల ఫిర్యాదులు చూసే క్యాంపస్ ఆఫీసుకు ఈమెయిల్ పంపించమనండి. ప్రొఫెసర్ దగ్గర నోటిమాటగా చెప్పుకున్నది విశ్వవిద్యాలయానికి తెలిసినట్టు లెక్కకు రాకపోవచ్చు. ఫెడరల్ విద్యాశాఖ పౌరహక్కుల విభాగానికి ఫిర్యాదు చేయాలంటే మామూలుగా గడువు 180 రోజులే.