సుభిక్ష: వేగం నేర్పిన పాఠం

సంస్థకు గిరాకీ ఉంటే చాలునను భావన ఎంత ప్రమాదకరమో ‘సుభిక్ష’ చరిత్ర తెలుపుచున్నది.

1997లో చెన్నైలో ఆర్. సుబ్రమణియన్ నెలకొల్పిన ఈ సంస్థ పచారీ సరుకులను, మందులను చౌకగా అమ్మినది. నివాస ప్రాంతాలలో చిన్న దుకాణాలు; ఏసీలు, ఆడంబరాలు లేవు. ఖర్చులో మిగిలినది ధరలో తగ్గినది. చాలాకాలం తమిళనాడుకే పరిమితమైన ఈ దుకాణాలు 2006 తరువాత ఆంధ్రప్రదేశ్, ఢిల్లీ, గుజరాత్ తదితర ప్రాంతాలకు విస్తరించి, 2008 నాటికి 1,600 దాటినవి.

ఈ విస్తరణకు ఆధారం ప్రధానంగా అప్పు. 2008 చివర ప్రపంచ ఆర్థిక సంక్షోభంలో కొత్త నిధులు అందలేదు. సరఫరాదారులకు, ఉద్యోగులకు, అద్దెలకు చెల్లింపులు నిలిచినవి. కొనేవారు ఉండగానే అలమరలు ఖాళీ అయి, 2009 తొలి మాసాలలో దుకాణాలు మూతబడినవి. వేలాదిమంది ఉపాధి కోల్పోయినారు.

నీటిమట్టం చూడక బాయిలరు మంట పెంచరాదని ఇంజనీర్లమైన మాకు తెలియును. వ్యాపారంలో ఆ నీరు నిర్వహణ మూలధనం. ఆదిత్యపూర్‌లో వాహన విడిభాగాలు తయారుచేయు చిన్న కర్మాగారాలకును ఇదే సూత్రం. ఆర్డర్ల పుస్తకం నిండుగా ఉన్నను, జీతాల తేదీకి రొక్కం ఉన్నదా అని ముందుగా చూసుకొనుట శ్రేయస్కరమని మా అభిప్రాయం.