నోళ్లు మారిన ముచ్చట

మరిపెడలో బస్సు దిగితే చాలు బిడ్డా, 'ఏం ముచ్చట?' అని ఎవరో ఒకరు పలకరిస్తారు. చెప్పడానికి ఏమీ లేకపోయినా సరే, అడగడం మర్యాద. ఇదే మాట ఖమ్మం దాటి కృష్ణా జిల్లాలో పడిందా, వేషం మార్చేస్తుంది. అక్కడ ముచ్చటంటే సరదా, వేడుక. ఊసుపోక చెప్పుకునేవి వాళ్లకు కబుర్లు.

ఆ కబురు మన ఇంట పుట్టింది కాదు. అరబ్బీలో 'ఖబర్' అంటే వార్త. స్వాహిలీవాళ్లు ఎదురుపడితే 'హబారీ?' అంటారు, ఇండోనేషియాలో 'అపా కబర్?' అంటారు. అచ్చం మన 'ఏం ముచ్చట?' తెలుగువాడు దాంతో ఇంకో చమత్కారం చేశాడు: పనిమీద పంపితే కబురు, పనిలేక చెప్పుకుంటే కబుర్లు! సంస్కృత 'వార్త' హిందీకి 'బాత్' అయింది, మన చుట్టుపక్కల తండాల్లో 'వాత్' అయింది. పుకారంటే హిందీలో కేక. నాకు నచ్చేది మాత్రం కింవదంతి. 'ఏమంటున్నారు?' అన్న ప్రశ్నే అందులో పేరై కూర్చుంది. ఇంగ్లీషు గాసిప్ పుట్టుకలో పెద్దమనిషే. బిడ్డకు జ్ఞానస్నానం చేయించేటప్పుడు పూచీగా నిలిచే ఆత్మబంధువు 'గాడ్‌సిబ్'. తర్వాత ఆ మాట ఆప్తులకు, చివరికి ఆప్తులు చెప్పుకునే మాటలకు దిగింది.

పేర్లే ఇట్లా మారితే, లోపలి సంగతి మాటేమిటి? గోరంత కొండంత అవుతుందంటాం కదా! ఆల్‌పోర్ట్, పోస్ట్‌మన్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞులు దాన్ని పరీక్షకు పెట్టి 1947లో పుస్తకం రాశారు. ఒకరికి బొమ్మ చూపిస్తారు. ఆ బొమ్మ చూడని మనిషికి అతను చెప్పాలి, ఆ మనిషి ఇంకొకరికి. అయిదారు నోళ్లు దాటేసరికి వివరాల్లో సుమారు 70 శాతం రాలిపోయాయి. పెరగడం కాదు, అరిగిపోయింది. మిగిలిన ముక్కే పదునెక్కింది. ఒక బొమ్మలో రైలుపెట్టెలో ఒక తెల్లవాడు, ఒక నల్లవాడు నిలబడి ఉంటారు, మంగలికత్తి తెల్లవాడి చేతిలో ఉంటుంది. తెల్లవాళ్ల మీద చేసిన ప్రయోగాల్లో సగానికి పైగా వాటిలో, ఎక్కడో ఒకచోట ఆ కత్తి నల్లవాడి చేతికి వచ్చేసింది. కావాలని అబద్ధమాడినవాడు లేడు. మనసులో ముందే ఉన్న అనుమానం కత్తిని అటు జరిపింది.

మన దేశం సంగతీ విను. 1934 జనవరిలో బీహార్ భూకంపం వచ్చాక జమునా ప్రసాద్ అనే ఆయన పుకార్లు పోగుచేశారు. భూమి కంపించినా నష్టం జరగని చోట, ఇంతకంటే ఘోరం రాబోతోందని చెప్పుకున్నారట. ఒంట్లో వణుకు ఉంది, కళ్లెదుట కారణం లేదు, కాబట్టి కారణాన్ని కల్పించుకున్నారని మనస్తత్వ శాస్త్రజ్ఞుడు ఫెస్టింగర్ 1957లో వివరించాడు. డార్జిలింగ్‌లో కొండచరియలు విరిగిపడ్డాక దుర్గానంద్ సిన్హా అనే మరో పరిశోధకుడు నిజంగా దెబ్బతిన్నవాళ్ల మాటలు విన్నారు. వాళ్లలో అలాంటి పుకార్లు పుట్టనే లేదు.