మద్దెల వినెడి దీపము

మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతముల పల్లెలలో ధర్మరాజుల గుడి తిరునాళ్ళనగా పగలు హరికథ, రాత్రి వీధినాటకము. పెక్కుచోట్ల 18 దినములు భారతము నడచును. ఇరువురు తెర పట్టుకొని నిలుతురు, తెర వెనుక దుర్యోధనుని గజ్జెలు మ్రోగును, మద్దెల దరువు హెచ్చును, తెర తొలగును. ఆ క్షణముననే వెలుగు పడవలెను. దివిటీల కాలమున ఈ పని మనిషిది. దరువెరిగిన వానికి దివిటీ ముందునకు చాచెడి అదను వేరొకరు చెప్పనక్కరలేదు. పిదప పెట్రోమాక్సు దీపము వచ్చినది. అది వెలుగునేగాని వినదు.

వినెడి దీపము నేడు సాధ్యమే. మద్దెల ధ్వనిని కంప్యూటరున కందించి, దానిచేత రంగదీపములను వెలిగించవచ్చును. అయితే ఏ ధ్వనిని విననీయవలెను, దేనిని విననీయరాదు అను నిర్ణయములోనే కష్టమంతయు నున్నది. మేము చూచిన ఒక ప్రదర్శనమున కంప్యూటరుకు చేర్చిన మైకును వేదిక ముందర నుంచిరి. ద్రౌపది మొరపెట్టుకొనుచుండగా వెనుక నెవరో ఈల వేసిరి; ఎర్రదీపములు భగ్గుమనెను. జనము నవ్విరి. పాపము, పాత్రధారి ఏమి చేయగలడు?

కావున మద్దెలకు వేరుగా ఒక మైకు పెట్టవలెను. మిక్సరులో ఆ ఒక్క మైకు ధ్వని మాత్రమే వెలువడు మార్గమునుండి తీగ తీసి, కంప్యూటరు ‘లైన్ ఇన్’లో కలుపవలెను, మైకు రంధ్రమున కలుపరాదు. మైకు నుండి వచ్చునది వోల్టులో వేయవ వంతుల లెక్క; మిక్సరు నుండి వచ్చునది ఇంచుమించు ఒక వోల్టు. ఆ బలమునకు ధ్వని శిఖరములు తెగి చదునగును; దెబ్బకు దెబ్బకు నడుమ భేదము నశించి, దీపము ఆరక వెలుగుచునే యుండును. లాప్‌టాపులలో పెక్కింటికి లైన్ ఇన్ లేదు గనుక, యూఎస్‌బీ సౌండు పెట్టె కొనవలసివచ్చును.

కంప్యూటరు ఆ ధ్వనిని సెకనుకు 44,100 మారులు కొలుచును. సాఫ్ట్‌వేరులో సుమారు 150 కంపనములకు లోబడిన గుంభన ధ్వనిని మాత్రము నిలుపుకొన్నచో మద్దెల ఎడమవైపు దెబ్బ మిగులును, తాళములు తొలగును. హార్మోనియము, పాట మాత్రమే సాగుచుండగా, దీపము వెలుగని మట్టమునకు కొంచెము పైన హద్దు నుంచవలెను. వెలుగు తటాలున రావలెను. తగ్గుట మాత్రము అర సెకను పట్టవలెను. సెకనుకు మూడు మారులకు మించి మెరయనీయరాదు. మూర్ఛ వ్యాధి గలవారిలో కొందరికి అట్టి మెరుపులు ప్రమాదకరములు. కొలతలను 4,096 చొప్పున పోగుచేసి చూచినచో వెలుగు సుమారు 93 మిల్లీసెకనులు వెనుకబడి, అడుగు తప్పినట్లు కన్పట్టును. 512 చాలును, ఆలస్యము 12 మిల్లీసెకనులకు దిగును.

కంప్యూటరునుండి దీపములకు ఆజ్ఞ పోవు పద్ధతి డీఎంఎక్స్ 512. అమెరికాలో 1986లో ఏర్పడినది. ఒక తీగపై 512 మార్గములు, ఒక్కొక్కదానికి 0 నుండి 255 వరకు వెలుగు మెట్లు. తీగ చివర 120 ఓముల నిరోధము తగిలించనిచో సంకేతము తిరిగివచ్చి దీపములు అకారణముగా వణకవచ్చును. నింద మద్దెలగానిపై పడును!

జనరేటరు గురగుర వేరొక చిక్కు. అది 50 కంపనముల ధ్వని. మనము నిలుపుకొన్న భాగములోనే యుండును గనుక దీపమును ఆరనీయదు. ఎర్తు తీగ తెంపి ఆ గురగుర మాన్పువారు కలరు. ఎంతమాత్రము తగదు. తెల్లవారుజామున మంచుకు తడిసిన నేలపై వట్టికాళ్ళతో ఆడువాడు గజ్జెలతోపాటు ఇనుప దీపస్తంభమును తాకవచ్చును. మిక్సరుకు, కంప్యూటరుకు నడుమ ధ్వని ట్రాన్స్‌ఫార్మరు నొకదానిని ఉంచిన చాలును, ఎర్తు చెడదు.

చేతి మీట ఒకటి తప్పక యుండవలెను. ద్రౌపది మొరపెట్టు ఘట్టమున మేమైనచో కంప్యూటరు చెవి మూసి, ఒక్క పసుపు దీపమును చేతితోనే నిలుపుదుము.