వచ్చినవారి లెక్క సరే, రానివారి మాటేమిటి?

ఉద్యోగుల ఆరోగ్యం కోసం కార్యాలయాలు పథకాలు పెడుతుంటాయి. రక్తపోటు, చక్కెర పరీక్షలు, నడక, పొగ మాన్పించే తరగతులు వగైరా. ఏడాది చివర ఎందరు పాల్గొన్నారో లెక్కతీసి, పథకం జయప్రదమైందని చెప్పుకుంటాయి. ఊళ్లో వైద్య శిబిరమూ అంతే. ఎందరు వచ్చారో చెబుతారు గాని, మంచం దిగలేనివారి సంగతి ఎవరూ చెప్పరు.

ఈ లెక్క ఎంత పైపైదో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో తేలింది. 2016లో అక్కడ సుమారు 12,500 మంది ఉద్యోగులను పిలిస్తే 4,834 మంది ముందుకొచ్చారు. చీటీలు తీసిన పద్ధతిలో 3,300 మందికి పథకంలో అవకాశమిచ్చారు. మిగిలిన 1,534 మందిని పోలిక కోసం విడిగా ఉంచారు.

అవకాశం దక్కినవారిలో సైతం వైద్య పరీక్షలు, ఆరోగ్య ప్రశ్నావళి పూర్తిచేసింది నూటికి 56 మందే. ఆ తర్వాతి కార్యక్రమాలను ముగించినవారు మూడోవంతు కూడా లేరు. డబ్బిస్తామంటే సంఖ్య పెరిగింది. అయితే మొదటి వంద డాలర్లకు పెరిగినంతగా రెండో వందకు పెరగలేదు.

పాల్గొన్నవారికి వైద్య ఖర్చు తక్కువే. తీరా పాత పద్దులు తిరగేస్తే, పథకం మొదలుకాకముందే వారి ఖర్చు తక్కువ! ఒంటిని చూసుకునే అలవాటున్నవారే ముందు వరుసలో నిలబడ్డారన్నమాట.

చీటీలతో విడదీసిన రెండు జట్లనూ ఏడాది తర్వాత పోల్చితే, వైద్య ఖర్చులో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. పెరిగిందల్లా పరీక్షలు చేయించుకున్నవారి సంఖ్య, తమ ఆరోగ్యాన్ని యాజమాన్యం పట్టించుకుంటోందన్న నమ్మకం.