బొటనవేలికి తెలిసే లోపాలు

సింగిల్ యాక్షన్ రివాల్వర్‌లో ట్రిగ్గర్‌కి ఉన్న పని ఒక్కటే, హ్యామర్‌ని వదలడం. మిగతా చాకిరీ అంతా బొటనవేలిదే. హ్యామర్‌ని వేలితో వెనక్కి లాగితే పెద్ద స్ప్రింగు బిగుస్తుంది, సిలిండర్ ఒక గది మేర తిరుగుతుంది, ఆ గది గొట్టానికి ఎదురుగా వచ్చి లాక్ పడుతుంది. అందుకే దీనికి ఏ జబ్బు చేసినా ముందు తెలిసేది ఆ వేలికే.

నేను భీమవరం జువ్వలపాలెం రోడ్డులో లేత్ షాపు నడిపినవాణ్ణి. చేపల చెరువుల ఏరేటర్ గేరుబాక్సులు, డీజిల్ ఇంజన్లు నా బతుకు. గ్రీన్‌కార్డు వచ్చాక డాలస్ పక్కన ఫ్రిస్కోలో అమ్మాయి దగ్గర ఉంటున్నాను. అల్లుడు అమెరికా పౌరుడు. రేంజిలో సరదాగా కాల్చుకోడానికి రెండొందల డాలర్ల లోపు కౌబాయ్ మోడల్ .22 రివాల్వర్ ఒకటి కొన్నాడు. కొన్నాళ్లకు, "మావయ్య గారూ, ఇది పట్టేస్తోందండీ, ఒకసారి చూస్తారా" అని నా ముందు పెట్టాడు. ఇక్కడో మాట చెప్పాలి. విజిటర్ వీసా మీద వెళ్లిన తల్లిదండ్రులు, హెచ్-1బి మీద ఉన్న పిల్లలు తుపాకీ దగ్గర ఉంచుకోవడానికి అమెరికా ఫెడరల్ చట్టం మామూలుగా ఒప్పుకోదు. వేట లైసెన్సు లాంటి కొద్ది మినహాయింపులు ఉన్నాయి. అవి కనుక్కోకుండా ముట్టుకోవద్దు.

ఈ మోడళ్లన్నిటికీ మూలం కోల్ట్ కంపెనీ 1873లో అమెరికా సైన్యానికి ఇచ్చిన రివాల్వర్. దాని హ్యామర్‌ని మెల్లగా లాగితే నాలుగు టిక్కులు వినిపిస్తాయి. లోపల రేకు స్ప్రింగులు. వాడగా వాడగా అవి విరుగుతాయి. 1953లో రూగర్ కంపెనీ వాటి బదులు చుట్ట స్ప్రింగులు పెట్టి ఆ బాధ చాలావరకు తీర్చింది. 1973లో ఆ కంపెనీయే ఇంకో మార్పు తెచ్చింది: ట్రిగ్గర్ నొక్కి ఉంచితేనే హ్యామర్ దెబ్బ తూటాని కొట్టే ఫైరింగ్ పిన్నుకు చేరేలా మధ్యలో ఒక పట్టీ. అది లేని పాత రకాల్లో ఆరు గదులున్నా అయిదే నింపి, హ్యామర్‌ని ఖాళీ గది మీద ఉంచాలి. కింద పడితే పేలే ప్రమాదం ఉంది కనుక.

చవక రకంలో సిలిండర్ ఉక్కుదే ఉంటుంది, ఫ్రేము మాత్రం చాలావాటిలో పోత పోసిన జింక్ మిశ్రమం. మెత్తని లోహం కాబట్టి మరలు వదులవుతాయి. అలాగని అతిగా బిగిస్తే గాడి చెరిగిపోతుంది. చవకదని దాన్ని చులకన చేయను. కాస్త ఎక్కువ కనిపెట్టుకుని ఉండాలంతే.

చెయ్యి వేసే ముందు తూటాలు వేరే గదిలో పెట్టించాను. పక్కన ఉండే చిన్న తలుపు తీసి, ఆరు గదుల్లోంచీ వెలుతురు కనపడేదాకా సిలిండర్ తిప్పి చూశాను. డీజిల్ ఇంజన్ని బాగుచేసి, స్టార్టు చేసి చూద్దాం అంటాం. ఆ అలవాటు ఇక్కడ పనికిరాదు.

పట్టేయడానికి కారణం చాలాసార్లు మురికి. సిలిండర్‌ను మోసే ఇరుసు పిన్ను మీద మందు మసి పేరుకుంటుంది. సిలిండర్ మూతికీ గొట్టానికీ నడుమ ఉన్న సన్నని సందులో సీసం పట్టేస్తుంది. ఆ పిన్ను కాల్పుల అదురుకి ముందుకు జరిగినా సిలిండర్ బిగుసుకుంటుంది. అల్లుడి రివాల్వర్‌లో జబ్బు మసే. పిన్ను లాగి, తుడిచి, ఒక్క చుక్క నూనె వేస్తే పోయింది. నూనె ఎక్కువ పోస్తే మసి ఇంకా గట్టిగా అంటుకుంటుంది. పొట్టి .22 తూటాలు పొడుగు గదుల్లో తరచూ కాలిస్తే లోపల మసి ఉంగరంలా కడుతుంది. తర్వాత పొడుగు తూటా దూరదు, దూరినా ఖాళీ తొడుగు ఊడిరాదు.

అసలు భయపడాల్సింది గది గొట్టానికి సూటిగా ఆగకపోవడం. సిలిండర్‌ని నెట్టే చిన్న కొక్కెం అరిగితే గది చేరాల్సిన చోటికి చేరదు. ఆపే లాక్ స్ప్రింగు నీరసిస్తే దాటిపోతుంది. ఖాళీ రివాల్వర్‌లో హ్యామర్‌ని మెల్లగా లాగుతూ, రెండో చేతి వేలితో సిలిండర్‌ని కొంచెం నిలవేయాలి. హ్యామర్ పూర్తిగా వెనక్కి వెళ్లేసరికి లాక్ పడాలి. ఏ గది దగ్గరైనా పడలేదా, ఆ తుపాకీ ఇక కాల్చకూడదు. అలా కాలిస్తే గుండు అంచు తెగి, సీసం పక్కనున్నవాళ్ల మీదికి చిమ్ముతుంది. ఇక్కడ ఆకురాయి పట్టాలని చెయ్యి దురద పెడుతుంది. ఆపుకోవాలి. వెంట్రుకవాసి ఎక్కువ అరిగిందా, కొత్త ముక్క వేయాల్సిందే. నలభై ఏళ్లు లేత్ మీద పనిచేసిన నేనే గన్‌స్మిత్ దగ్గరికి పంపమంటాను.

ఇక పేలకపోవడం. ట్రిగ్గర్ నొక్కినా మోగకపోతే, గొట్టం గురివైపే ఉంచి అర నిమిషం ఆగాలి, మందు ఆలస్యంగా అంటుకోవచ్చు. తర్వాత తూటా తీసి చూడండి. .22లో అంటించే మందు అంచు లోపల ఉంటుంది. అంచు మీద నొక్కు లోతుగా పడి ఉంటే లోపం తూటాది. పైపైన పడితే తుపాకీది: హ్యామర్ దారిలో మసి, నీరసించిన స్ప్రింగు, అరిగిన ఫైరింగ్ పిన్ను. ఖాళీగా ట్రిగ్గర్ నొక్కి ఆడుకుంటే పిన్ను గది అంచునే కొట్టి, అక్కడ లోహం లేస్తుంది. పెద్ద చప్పుడుకి బదులు 'పుస్'మంటే వెంటనే ఆపేయండి, గుండు గొట్టంలోనే ఇరుక్కుని ఉండొచ్చు.

మన ఊళ్లో మాత్రం ఇంట్లో మరమ్మతు మాటే వద్దు. 1959 ఆయుధ చట్టం 5వ సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకీ బాగుచేయడం నేరం. 2019 సవరణ తర్వాత శిక్ష ఏడేళ్లకు తగ్గదు, యావజ్జీవం దాకా పోవచ్చు. కాన్పూర్ స్మాల్ ఆర్మ్స్ ఫ్యాక్టరీ .32 రివాల్వర్ డబుల్ యాక్షన్‌ది, దాని లోపలి అమరిక వేరు. కానీ మసీ తుప్పూ దానికీ శత్రువులే. రొయ్యల చెరువుల ఉప్పుగాలికి మన వైపు ఇనుము ఊరికే నిలవదు. రివాల్వర్‌ని తోలు ఒరలోనే ఉంచి బీరువాలో పెట్టేవాళ్లున్నారు. తోలు చెమ్మ పీల్చి ఇనుముకి ఎక్కిస్తుంది. ఒర వేరుగా పెట్టి, లోహాన్ని నూనె గుడ్డతో తుడిచి, తూటాలు వేరే చోట తాళం వేయండి. ఎన్నికలప్పుడు పోలీస్ స్టేషన్‌లో అప్పగించేముందు ఒకసారి, తిరిగి తెచ్చుకున్న రోజే మరోసారి తుడవండి. గొట్టం లోపల మచ్చ కనిపిస్తే లైసెన్సున్న ఆయుధాల దుకాణానికి తీసుకెళ్లండి.