పలికే పలక

రాయవేలూరు కోట దాటి పడమరగా బయలుదేరితే గుడియాత్తం ముప్పై కిలోమీటర్ల పైచిలుకు దూరం. ఒకవైపు పాలారు ఇసుక మేటలు, మరోవైపు పలమనేరు దిక్కు కొండలు. 1911లో చిత్తూరు జిల్లా విడిపోయేదాకా ఇటూ అటూ కూడా ఉత్తర ఆర్కాటే. ఇప్పటికీ గుడియాత్తం బజారులో తెలుగు మాట కోసం చెవులు రిక్కించాల్సిన పని లేదు. ఊరి పేరు చెప్పగానే జనానికి గుర్తొచ్చేవి లుంగీలు, అగ్గిపెట్టెలు, బీడీలు. ఆ పక్కనున్న పేర్నంబట్టు, ఆంబూరు, వాణియంబాడి తోళ్ళకు ప్రసిద్ధి. స్పెయిన్‌లో రూపుదిద్దుకున్న క్లాసికల్ గిటారుకూ ఈ సరంజామాకూ చుట్టరికం ఏమిటని ఎవరైనా అడగొచ్చు. చేత్తో చేసిన ఒక మంచి గిటారును జాగ్రత్తగా విప్పి, ముక్కలన్నీ చాప మీద పరిస్తే, దగ్గరి చుట్టరికమేనని తేలుతుంది.

ముందు అగ్గిపుల్ల సంగతి. పెట్టె అంచున గీయగానే కొన్ని పుల్లలు నిక్షేపంగా మండుతాయి, కొన్ని ఏటవాలుగా పుటుక్కుమంటాయి. తప్పు మందుది కాదు, చెక్కలోని పీచుది. పుల్ల పొడవునా పీచు సాగితే అది వంగుతుంది తప్ప విరగదు. పీచు అడ్డంగా జారి పుల్ల పక్కనుంచి బయటికి వచ్చేస్తే, అక్కడే విరుగుతుంది. తమిళనాట అగ్గిపుల్లలకు పెద్దమాను చెట్టును పెంచుతారు. తేలిక చెక్క, వంకర లేని పీచు, దానికి కావలసినవి అంతే.

గిటారు చేసేవాడు ముందుపలకకు సరిగ్గా ఇవే అడుగుతాడు, కాకపోతే వందరెట్లు పట్టుదలగా. తీగలకు దిగువన, మధ్యలో గుండ్రటి రంధ్రంతో కనిపించే పలక అది. దాన్ని ఎక్కువగా స్ప్రూస్‌తో చేస్తారు. ఆల్ప్స్ కొండల చలిలో నెమ్మదిగా పెరిగిన చెట్టయితే ఏడాది వలయాలు దగ్గర దగ్గరగా, దువ్వెన పళ్ళలా కనిపిస్తాయి. దుంగను రంపంతో కోయడానికి ముందు గొడ్డలితో చీల్చి చూసే అలవాటు పాతకాలం నుంచీ ఉంది. రంపం తనకు నచ్చిన దారిన పోతుంది. గొడ్డలి మాత్రం పీచు దారినే పోతుంది. స్ప్రూస్ మన దేశంలో హిమాలయాల మీదే పెరుగుతుంది, దక్షిణాదిన లేదు.

ఆ చెట్టు మీదే అంత మోజు ఎందుకంటే, దాని బరువుకు దాని బిగువు ఎక్కువ. ఘనమీటరు స్ప్రూస్ నాలుగువందల కిలోల పైన కొద్దిగా తూగుతుంది, అంటే నీళ్ళ బరువులో సగం కూడా లేదు. అయినా పీచు పొడవునా శబ్దం అందులో సెకనుకు అయిదువేల మీటర్లకు పైగా పరుగెడుతుంది, గాలిలో కన్నా సుమారు పదిహేను రెట్ల వేగం. పీచుకు అడ్డంగా ఆ వేగం బాగా పడిపోతుంది. నైలాను తీగ సన్నటిది, అది ఒక్కతే ఊగితే గదిలో గాలి కదలదు. విసనకర్ర పుల్లను మాత్రమే ఊపినట్టు ఉంటుంది. తీగ ఊపును, అది ఆనిన బ్రిడ్జి ద్వారా అందుకుని, వెడల్పాటి పలక గాలిని నెడుతుంది. పలక బరువైతే ఆ కాస్త శక్తీ దాన్ని కదిలించడానికే చాలదు. మరీ పల్చనైతే ఆరు తీగల లాగుడుకు బ్రిడ్జి దగ్గర పొంగుతుంది, కుంగుతుంది. ఆ లాగుడు దాదాపు నలభై కిలోలు. పాతిక కిలోల బియ్యం మూట మీద ఇంకో పదిహేను కిలోలు వేసినట్టు. దాన్ని ఏళ్ళ తరబడి మోయాల్సిన చెక్క మందం రెండు, రెండున్నర మిల్లీమీటర్లు.

ఇక్కడే చేతిపని అసలు రంగు బయటపడుతుంది. పలక బిగువు దాని మందానికి ఘనంలో మారుతుంది. రెండున్నర మిల్లీమీటర్ల పలకను చిత్రిక పట్టి రెండుకు తెస్తే, పోయింది అర మిల్లీమీటరే గానీ, బిగువులో దాదాపు సగం పోయింది. ఒకే దుంగలోంచి వచ్చిన రెండు పలకలు కూడా ఒకే బిగువుతో ఉండవు. కాబట్టి యంత్రం అన్ని పలకలనూ ఒకే మందానికి కోస్తే, అన్నీ వేరువేరు గిటార్లవుతాయి. చేతిపనివాడు కొలతబద్ద కన్నా ముందు వేళ్ళను నమ్ముతాడు. పలకను ఒక మూల వేలాడేలా పట్టుకుని, మడిచిన వేలితో తట్టి, వంచి, మళ్ళీ చిత్రిక పట్టి, మళ్ళీ తడతాడు. వేసవిలో రోడ్డు పక్క పుచ్చకాయలు తట్టి కొనే మనిషికి ఆ పని వింతగా తోచదు.

ఈ కిటుకును పట్టుకున్నవాడు ఆంటోనియో ద టోర్రెస్, స్పెయిన్‌లోని అల్మేరియా వడ్రంగి. 1817లో పుట్టి 1892లో పోయాడు. గిటారు పొట్టను పెద్దది చేశాడు. ముందుపలకను పల్చన చేసి, లోపల విసనకర్ర ఆకారంలో సన్నటి పట్టీలు అతికి బలం ఇచ్చాడు. తీగ ఊగే నిడివిని అరవై అయిదు సెంటీమీటర్ల దగ్గర నిలబెట్టాడు. నేటి క్లాసికల్ గిటార్లన్నీ ఆ నమూనా పిల్లలే. పలకదే ప్రాణమని నిరూపించడానికి 1862లో ఆయన ఒక తమాషా చేశాడు. ముందుపలక మంచి చెక్కతో పెట్టి, వెనకనూ పక్కలనూ అట్టతో చేసిన గిటారు తయారు చేశాడు. ఆ అట్ట గిటారు ఇప్పుడు బార్సిలోనా సంగీత మ్యూజియంలో ఉంది.

మరి వెనకపలక కోసం ప్రపంచమంతా మన కొండల వైపు ఎందుకు చూస్తోంది?

గిటారు వెనకకూ పక్కలకూ పేరుమోసిన చెక్క రోజ్‌వుడ్. తెలుగులో ఇరుగుడు, జిట్రేగి అంటారు, తమిళంలో ఈట్టి. నీలగిరి, వయనాడు, కొడగు ప్రాంతాల చెట్టుకు గిరాకీ ఎక్కువ. కాఫీ, తేయాకు తోటల్లో నీడకు పెంచినవీ చాలా ఉన్నాయి. దాని శాస్త్రీయ నామంలో ఒక తెలుగు ఊరి జ్ఞాపకం దాగుంది. దాల్బెర్జియా లాటిఫోలియా, అంటే వెడల్పాకుల దాల్బెర్జియా. ఆ పేరు పెట్టిన విలియం రాక్స్‌బర్గ్ 1793లో కలకత్తా తోటకు వెళ్ళేముందు ఏళ్ళ తరబడి మన సామర్లకోటలో మొక్కలు పెంచి, చిత్రకారులతో వాటి బొమ్మలు వేయించినవాడు. ఆయన కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథంలో ఈ చెట్టూ ఉంది. ఏ నగరంలో ఏ కళాకారుడు తన గిటారు గురించి గొప్పగా ఆ లాటిన్ పేరు చెప్పినా, అందులో సామర్లకోట పాలు కొంత ఉన్నట్టే.

నిజానికి మొదట్లో రాజ్యమేలింది బ్రెజిల్ రోజ్‌వుడ్. 1960ల చివర్లో బ్రెజిల్ దుంగల ఎగుమతిని కట్టడి చేయడంతో గిటారు లోకం గింగిరాలు తిరిగింది. అమెరికాలోని మార్టిన్ కంపెనీ 1969లో భారతీయ రోజ్‌వుడ్‌కు మారింది, మిగతావాళ్ళూ అదే బాట పట్టారు. 1992లో బ్రెజిల్ చెట్టు అంతర్జాతీయ వ్యాపార ఒప్పందం సైటిస్‌లో అతి కఠినమైన మొదటి అనుబంధానికి ఎక్కింది. మన చెట్టుకూ ఆ సెగ తగిలింది. తమిళనాడు 1994లో రోజ్‌వుడ్ చెట్ల రక్షణకే ప్రత్యేకంగా ఒక చట్టం చేసింది. 2017 జనవరి 2 నుంచి మిగతా దాల్బెర్జియా జాతులన్నీ సైటిస్ రెండో అనుబంధం కిందికి వచ్చాయి. దొంగ కలప కోసం విసిరిన వల అది, చిక్కినవాళ్ళలో గిటారు పట్టుకుని సరిహద్దు దాటే వాద్యకారులు కూడా ఉన్నారు. గోల పెరిగాక, తయారైన వాద్యాలకు 2019లో మినహాయింపు ఇచ్చారు.

ఇంత రభస చేసిన వెనకపలక స్వరాన్ని ఎంత మారుస్తుంది? 2018లో ఇంగ్లండ్‌లోని లాంకస్టర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, ఒక గిటారు తయారీదారుతో కలిసి, వెనక, పక్కల చెక్కలు మాత్రమే వేరుగా ఉన్న ఆరు స్టీలు తీగల గిటార్లు తీసుకున్నారు. అందులో బ్రెజిల్ రోజ్‌వుడ్, మన రోజ్‌వుడ్, మహాగని, మేపుల్, సపేలి, వాల్‌నట్ ఉన్నాయి. చెక్క రంగు కనిపించకుండా మసక వెలుతురులో వెల్డింగు కళ్ళద్దాలు పెట్టించి 52 మంది వాద్యకారుల చేత వాయించారు. అన్నిటికీ దాదాపు ఒకే మార్కులు పడ్డాయి. ఏది ఏదో నమ్మకంగా వేరుచేయడం కూడా వాళ్ళకు కష్టమైంది. అట్ట గిటారు చేసిన టోర్రెస్ ఉంటే మీసం దువ్వుకునేవాడేమో. అలాగని రోజ్‌వుడ్ వట్టి ఆడంబరం అనేయడానికీ లేదు. పగలకుండా వంగుతుంది, ఆకారం నిలుపుకుంటుంది, చూడముచ్చటగా ఉంటుంది. చిన్న బద్దను తడితే కంచులా మోగుతుంది కూడా. ఆ మోతకు ఉన్న కారణమే అసలు ముచ్చట.

తెలుగువాళ్ళు దాన్ని ఎప్పుడో ఒక్క మాటలో చెప్పేశారు: చేవ. చెట్టు నడుమ భాగంలో కణాలు చచ్చిపోతూ తమ గోడల్లో రకరకాల రసాయనాలను నింపి పోతాయి. బెరడు కిందున్న తెల్లచెక్కకు లేని ముదురు రంగు, వాసన, పురుగును తట్టుకునే శక్తి వాటి వల్లే వస్తాయి. చెక్కలో కంపనం త్వరగా చచ్చిపోకుండా చూసేవీ కొన్నిసార్లు అవే. వయొలిన్ కమానులు చేసే పెర్నంబుకో చెక్కలోంచి తీసిన రసాన్ని జపాన్ పరిశోధకులు స్ప్రూస్‌కు పట్టించి చూస్తే, ఆ స్ప్రూస్‌లో కంపనం వృథా కావడం తగ్గింది. చేవదేలిన మనిషి అన్నప్పుడు మన పెద్దవాళ్ళు భౌతికశాస్త్రం మనసులో పెట్టుకోలేదు గానీ, మాట మాత్రం తప్పు పోలేదు.

చాప మీద మిగిలిన ముక్కలు త్వరగా చూసేయవచ్చు. వేళ్ళు నడిచే నల్లటి పట్టీ ఎబొనీ, దాని ప్రజాతి డయాస్పిరాస్. గుడియాత్తం చుట్టుపక్కల ఇళ్ళలో ఆడవాళ్ళు ఒళ్ళో చాట పెట్టుకుని చుట్టే బీడీల ఆకు తునికి చెట్టుది, అదీ డయాస్పిరాసే. ముదిరిన తునికి మాను లోపలా నల్లని చేవ ఉంటుంది. గిటారు మెడను సాధారణంగా స్పానిష్ సెడార్ లేదా మహాగనితో చేస్తారు. పేరులో సెడార్ ఉన్నా అది దేవదారుకు ఏమీ కాదు, వేపకు చుట్టం. సితారులు చేసే తూన్ చెక్కదీ ఆ వేప కుటుంబమే. ఇక ఇవన్నీ అతికే పాతకాలపు బంక పశువుల తోళ్ళను కాచి తీసింది, తమిళంలో వచ్చిరం అంటారు. వేడి తగిలిస్తే అది వదులుతుంది కాబట్టి వందేళ్ళ తర్వాత కూడా గిటారును పగలగొట్టకుండా విప్పి బాగుచేయవచ్చు. అందుకే గట్టిగా అంటుకుని మళ్ళీ వదలని కొత్త జిగుళ్ళు బజారులో ఉన్నా కొందరు దీన్ని వదులుకోరు.

వీణతో పోల్చి చూస్తే గిటారు మొండితనం ఇంకా తెలుస్తుంది. బొబ్బిలి వీణ, నూజివీడు వీణ పనసమానును తొలిచి చేసేవి. ఏకాండి వీణలో కుండ నుంచి దండి దాకా ఒకే మాను. పల్చని చెక్కల్ని వంచి అతికిన డొల్ల పెట్టె గిటారు. కాచిన ఇనుప గొట్టానికి తడి బద్దను ఆనించి, ఆవిరి వాసనలో అంగుళం అంగుళం వంచితేనే దాని నడుము వంపు తిరుగుతుంది. చిన్నప్పుడు విశాఖపట్నంలో చదువుకున్న సి.వి. రామన్ 1921లో మన తంబురా, వీణల మీద ఒక పరిశోధన వెలువరించాడు. వాటి వంపు తిరిగిన వెడల్పు బ్రిడ్జి మీద తీగ తగులుతూ లేస్తుంటే, మామూలు సూత్రం ప్రకారం వినపడకూడని పైస్వరాలు కూడా పుడుతున్నాయని చూపాడు. గిటారు బ్రిడ్జి మీద తీగ ఆనే చోటు సన్నటి అంచు. అక్కడ వెడల్పెక్కువైతే జీర పుడుతుంది. వీణకు అందమైనది గిటారుకు రోగం.

ఇలాంటి డొల్ల పెట్టెకు వేలూరు వాతావరణం పగవాడు. మే నెలలో ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది, అక్టోబరు, నవంబరుల్లో ఈశాన్య రుతుపవనం ముసురు పడుతుంది. చెక్క పీచు పొడవునా దాదాపు మారదు గానీ, అడ్డంగా తేమ పీల్చి ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుంటుంది. ముప్పైయారు సెంటీమీటర్ల వెడల్పున్న ముందుపలకను నాలుగు వైపులా బంక పట్టి ఉంచితే, ముడుచుకోవడానికి చోటు లేక నిట్టనిలువునా చీలుతుంది. అందుకే తయారీదారులు పని గదిలో తేమను నలభై అయిదు, యాభై శాతం మధ్య కట్టేసి ఉంచుతారు. వేలూరు హాస్టలు గదుల్లో తెలుగు పిల్లలు గోడకు తగిలించే గిటార్లకు ఆ భోగం లేదు. వాటిలో చాలావాటికి ముందుపలక ప్లైవుడ్. ఒక పొర పీచు నిలువు, మరో పొరది అడ్డం కావడంతో అది చీలదు, అంత బాగా పలకదు కూడా.

ఎర్రచందనం మాట ఎత్తకుండా ఈ దారి పూర్తికాదు. శేషాచలం, లంకమల అడవులది ఆ చెట్టు, వేలూరు వైపు కొండల్లోనూ అక్కడక్కడా ఉంది. రోజ్‌వుడ్ లాగే ఇదీ చిక్కుడు కుటుంబమే. నీళ్ళలో వేస్తే మునిగేంత చేవ. 1995 నుంచి సైటిస్ రెండో అనుబంధంలో ఉంది. దీని అన్నదమ్ముడు ఒకడు పడమటి ఆఫ్రికాలో బాలాఫోన్ అనే వాద్యానికి మోగే బద్దలుగా వాడుకలో ఉన్నాడు. జపాన్‌లో షామిసెన్ అనే మూడు తీగల వాద్యానికి మేలైన మెడ ఎర్రచందనంతోనే చేస్తారు. మనకు మాత్రం అది చాలాకాలం పిల్లల చేతి బొమ్మ. తిరుపతిలో కొని తెచ్చిన మరపాచి బొమ్మల జంటను బొమ్మల కొలువులో పై మెట్టు మీద కూర్చోబెట్టే ఇళ్ళు గుడియాత్తంలో ఇప్పటికీ ఉన్నాయి. కొలువు ఎత్తేసే రోజున ఆ రెండు బొమ్మలను గుడ్డలో చుట్టబోతూ ఒకదానికొకటి తగిలిస్తే, ఖణేల్‌మనే మోత వినవచ్చు.