మసాజ్ గన్ కొంటున్నారా? ఆర్‌పీఎం ఒక్కటే చూడకండి

పొద్దున్నే ప్యారడైజ్‌లో మెట్రో ఎక్కి, భుజాన ల్యాప్‌టాప్ బ్యాగ్‌తో హైటెక్ సిటీ దాకా నిలబడి వెళ్లే బ్యాచ్‌లో నేనూ ఒకడిని. ఆఫీసులో తొమ్మిది గంటల కోడింగ్, వచ్చేటప్పుడు తల వంచి ఫోన్. ఏడాది తిరిగేసరికి మెడ, కుడి భుజం కలిసే చోట రాయిలా బిగుసుకుపోయింది. మనకి తెలిసిన మందు ఒకటే కదా, గ్యాడ్జెట్! ఓ మసాజ్ గన్ కొనేశా. మూడు నెలలు వాడాక రాస్తున్నా.

స్పెక్స్‌లో ఏం చూడాలి?

బాక్స్ మీద పెద్ద అక్షరాల్లో ఉండేది ఆర్‌పీఎం, అంటే స్పీడ్. దానికంటే ముందు ఆంప్లిట్యూడ్ చూడండి. గన్ తల ఎన్ని మిల్లీమీటర్లు ముందుకీ వెనక్కీ కదులుతుందో చెప్పే నంబర్ అది. థెరాగన్ ప్రోలో 16, మినీలో 12. ఇది మరీ తక్కువైతే సెలూన్‌లో చేతికి కట్టుకునే మసాజ్ మెషిన్‌లా పైపైన వణుకుతుంది, అంతే. రెండోది స్టాల్ ఫోర్స్: ఎంత గట్టిగా నొక్కితే మోటార్ ఆగిపోతుందో ఆ లెక్క. మూడోది బరువు. వీపు వెనక్కి చెయ్యి తిప్పి పట్టుకోవాలి కాబట్టి భుజాలకి తేలికైనదే మేలు.

ఎలా వాడాలి?

తక్కువ స్పీడ్‌లో, సాఫ్ట్ హెడ్‌తో, ఒక్కో కండరానికి ఒకటి రెండు నిమిషాలు చాలు. నొక్కిపెట్టకుండా మెల్లగా జరపాలి. భుజం పైభాగం, ముంజేతి కండ ఓకే. మెడ ముందు, పక్కల మాత్రం అస్సలు వద్దు, అక్కడ మెదడుకి వెళ్లే రక్తనాళాలుంటాయి. మెడ మీద మసాజ్ గన్ వాడాక ఒక యువతికి వర్టిబ్రల్ ఆర్టరీ లోపలి పొర చిరిగిన కేసుని 2022లో ఓ మెడికల్ జర్నల్‌లో డాక్టర్లు రిపోర్ట్ చేశారు. వెన్నెముక, కాలర్‌బోన్ లాంటి ఎముకల మీదా వద్దు. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు ముందు డాక్టర్‌ని అడగాలి.

నేను చేసిన తప్పు

రెండో నెలలో కుడి చేతి చిటికెన వేలు, ఉంగరం వేలు తిమ్మిరెక్కడం మొదలైంది. స్పీడ్ పెంచి మోచేతి లోపలి వైపు రోజూ వాయించా. తగ్గలేదు సరికదా, మౌస్ పట్టుకుంటే వేళ్లు మొద్దుబారాయి. చివరికి మారేడ్‌పల్లిలో ఓ ఫిజియో దగ్గరికెళ్తే, "బాబూ, నువ్వు కొడుతున్నది కండరాన్ని కాదు, నరాన్ని" అన్నారు. మోచేతికి ఏదైనా తగిలితే జివ్వున షాక్ కొడుతుందే, ఆ అల్నార్ నరం. గంటల తరబడి డెస్క్ అంచుకి మోచెయ్యి ఆనించడంతో అది నలిగింది. పైనుంచి నా గన్ దెబ్బలు! కుర్చీ ఎత్తు మార్చి, అక్కడ గన్ ఆపేశాక నెలకి తగ్గింది.

కొనొచ్చా?

కండరాల బిగుతుకైతే నిరభ్యంతరంగా కొనండి, ఆఫీసు నుంచి రాగానే రెండు నిమిషాల్లో హాయిగా ఉంటుంది. తిమ్మిరి, మొద్దుబారడం, చేతిలో పట్టు తగ్గడం ఉంటే మాత్రం గన్ పక్కన పెట్టి డాక్టర్‌కి చూపించుకోండి. నాలాగా నెల రోజులు వేస్ట్ చేయకండి.